కీటో చేస్తే చేయండి... డాక్టరు దగ్గర మాత్రం దాచకండి

మీ ఇంట్లోనో, మీ పక్కింట్లోనో ఎవరో ఒకరు అన్నం మానేసిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. జగ్గయ్యపేటలో పెళ్లి భోజనానికి వెళితే విస్తట్లో అన్నం పెట్టించుకోకుండా కూరలు మాత్రమే వడ్డించుకుని, జేబులోంచి నిమ్మకాయ తీసి పిండుకునేవారు కనిపించేవారు. నందిగామ గాంధీ సెంటర్లో ఇద్దరు కలిస్తే 'ఎన్ని కిలోలు తగ్గావు?' అన్నదే మొదటి పలకరింపు. 2017, 2018 సంవత్సరాల్లో మన మెట్ట ప్రాంతమంతా ఇదే మాట. ఇప్పుడా హోరు తగ్గింది కానీ ఆ డైటు పోలేదు. కీటో అని, ఎల్‌సీహెచ్‌ఎఫ్ అని, లిక్విడ్ డైట్ అని పేర్లు మార్చుకుని ఫోన్లలో తిరుగుతూనే ఉంది. పెళ్లిళ్ల సీజను రెండు నెలలుందనగా నా దగ్గరకొచ్చే వాళ్లలో ఎవరో ఒకరు దాన్ని మొదలుపెట్టే ఉంటారు. నా బాధల్లా వాళ్లు ఆ సంగతి నాకు చెప్పకపోవడమే.

దాని మంచిచెడ్డలు నాకు తెలిసినంతవరకూ చెబుతాను. 'కీటో విషం, దాని జోలికి పోవద్దు' అని రాసి చేతులు దులుపుకోవడానికి ఇది రాయడం లేదు. అలా అన్నందువల్ల ఏం జరిగిందో కూడా చెబుతాను.

ఇది ఎక్కడి నుంచి వచ్చింది?

కీటోజెనిక్ డైట్ కొత్తదేమీ కాదు. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో డాక్టర్ రస్సెల్ వైల్డర్ మూర్ఛ జబ్బు ఉన్నవారి కోసం దీన్ని ప్రతిపాదించి ఆ పేరు పెట్టారు. ఉపవాసం ఉంటే ఫిట్స్ తగ్గుతున్నాయని అప్పటికే గమనించారు. కానీ ఎన్నాళ్లని పస్తుంచుతాం? అందుకని తింటూనే ఒంటిని ఉపవాసంలో ఉన్నట్టు నమ్మించే మార్గం వెతికారు. మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకు ఈనాటికీ కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో ఈ ఆహారం ఇస్తారు. అయితే గ్రాముల లెక్కన తూచి ఇస్తారు, మధ్యమధ్యలో రక్త పరీక్షలు చేస్తారు, పక్కన డైటీషియన్ ఉంటారు. అంటే ఇది పుట్టడమే వైద్యంగా పుట్టింది. మందుకు ఎంత శక్తి ఉంటుందో, జాగ్రత్తలూ అన్నే ఉంటాయి.

మన దగ్గర దీన్ని ఇంటింటికీ తెచ్చింది వీరమాచనేని రామకృష్ణ గారు. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు... ఈ నాలుగు సూత్రాలు అప్పట్లో చిన్న పిల్లలకు కూడా నోటికి వచ్చేవి. ఆయన డాక్టరు కాదు. టీవీల్లో ఆయనకూ డాక్టర్లకూ పెద్ద వాదాలే నడిచాయి. ఆ వాదాల్లో ఎవరు గెలిచారన్నది పక్కన పెడదాం. వాటివల్ల ఇళ్లలో మిగిలింది ఒక్కటే: డైటు చేసేవాళ్లు ఒకవైపు, డాక్టర్లు ఇంకోవైపు అన్న అభిప్రాయం. మధ్యలో రోగి మూగవాడయ్యాడు.

ఒప్పుకోవాల్సిన నిజం

మామూలుగా మన ఒంటికి ఇంధనం పిండి పదార్థం నుంచి వచ్చే గ్లూకోజు. కీటోలో పిండి పదార్థాన్ని రోజుకు 20 నుంచి 50 గ్రాముల లోపుకి దించేస్తారు. నాలుగు ఇడ్లీలు తింటే చాలు, ఆ లెక్క దాదాపు నిండిపోతుంది. గ్లూకోజు దొరకకపోతే కాలేయం కొవ్వును కరిగించి కీటోన్లనే పదార్థాన్ని తయారుచేస్తుంది. మెదడు, గుండె, కండరాలు వాటితో నడుస్తాయి. దీన్నే కీటోసిస్ అంటారు.

ఈ పద్ధతిలో షుగరు తగ్గుతుందా? తగ్గుతుంది. షుగరుగా మారే తిండి ఆపేస్తే తగ్గక ఏంచేస్తుంది? బరువు తగ్గుతారా? తగ్గుతారు. కాకపోతే మొదటి వారంలో పోయే మూడు నాలుగు కిలోల్లో ఎక్కువ భాగం నీళ్లు. కాలేయంలో, కండరాల్లో దాచిన పిండి నిల్వ ప్రతి గ్రాముకూ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. నిల్వ ఖర్చయితే ఆ నీరూ పోతుంది. మళ్లీ అన్నం మొదలుపెట్టిన వారానికే అది తిరిగొస్తుంది. 'ఇంత కష్టపడితే ఇలా అయిందేంటండీ' అని మీరు దిగులుపడేది అందుకే.

దీర్ఘకాలం సంగతి చూస్తే, 2018లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 609 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు పిండి పదార్థం, రెండో జట్టుకు కొవ్వు తగ్గించి ఏడాదిపాటు చూశారు. రెండు జట్లూ సగటున ఐదారు కిలోలు తగ్గాయి. తేడా చెప్పుకోదగ్గది కాదు. ఇక షుగరు వెనక్కి మళ్లడం గురించి. బ్రిటన్‌లో 2017లో వెలువడిన డైరెక్ట్ అనే అధ్యయనంలో, కేలరీలు బాగా తగ్గించిన ఆహారం ఇస్తే ఏడాది తర్వాత 46 శాతం మందిలో మందులు లేకుండానే షుగరు అదుపులోకి వచ్చింది. 15 కిలోలు, అంతకంటే ఎక్కువ తగ్గినవారిలో అది 86 శాతం. అది కీటో కాదు. అంటే షుగరును వెనక్కి నెట్టింది ముఖ్యంగా బరువు తగ్గడం. ఏ దారిన తగ్గినా మేలే. అందులోనూ ఆరేళ్ల లోపు షుగరు వచ్చినవారినే తీసుకున్నారు, డాక్టర్ల కనుసన్నల్లోనే చేశారు.

'షుగరు వస్తే ఇక జీవితాంతం మాత్రలే' అని మా డాక్టర్లం తేల్చి చెప్పిన మాట పూర్తిగా నిజం కాదన్నమాట. ఆ ఆశ జనానికి చూపించింది మేము కాదు, డైటు చెప్పేవాళ్లు. దానికి నేను సిగ్గుపడాలి.

ఆ రాత్రి ఏం జరిగిందంటే...

మా ఊరి దగ్గర ఎరువుల కొట్టు నడిపే ఒకాయన ఉన్నారు. యాభై దాటాయి. షుగరు వచ్చి అప్పటికి నాలుగేళ్లు. 2018లో ఒకరోజు వచ్చి, 'డాక్టరు గారూ, రేపట్నుంచి డైటు మొదలుపెడుతున్నా, మాత్రలు ఏంచేయమంటారు?' అని అడిగారు. చాలా మంచి ప్రశ్న. నేనేం చేశానంటే, బయట కూర్చున్న పదిమందికీ వినబడేలా, 'డాక్టరు వాళ్లా, నేనా? వాళ్లనే అడుగు' అన్నాను. ఆయన తలొంచుకుని వెళ్లిపోయారు. మూడు నెలలు డైటు చేశారట. ఎనిమిది కిలోలు తగ్గి, ఏడాదిలో తొమ్మిది పెరిగారు. మళ్లీ నా దగ్గరకే వచ్చారు. ఆ సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

2022లో కూతురి పెళ్లి కుదిరింది. అప్పటికి నేను మెట్‌ఫార్మిన్‌తో పాటు డపాగ్లిఫ్లోజిన్ అనే మాత్ర రాస్తున్నాను. పెళ్లి నాటికి పొట్ట తగ్గాలని ఆయన మళ్లీ డైటు మొదలుపెట్టారు. ఈసారి నాకు చెప్పలేదు.

ఆరో రోజుకు వాంతులు, కడుపులో నొప్పి. గ్లూకోమీటరులో చూసుకుంటే 190. 'షుగరు బాగానే ఉంది, గ్యాసు పట్టేసింది' అని వీధిలో ఆర్ఎంపీ చేత వాంతి ఇంజెక్షను చేయించుకున్నారు. రాత్రి పదకొండింటికి వాళ్లావిడ ఫోను చేశారు. 'ఆయాసపడుతున్నారండీ, మనిషి మనిషిలా లేడు' అన్నారు. వెళ్లి చూస్తే ఊపిరి లోతుగా, వేగంగా తీస్తున్నారు. గుండె సమస్యేమో అనుకున్నాను. మంచం పక్కన కొబ్బరి నూనె డబ్బా, నిమ్మకాయలు కనిపించాక అసలు సంగతి అర్థమైంది. బెజవాడ పంపించాం. రక్తంలో ఆమ్లం, కీటోన్లు విపరీతంగా ఉన్నాయి. మూడు రోజులు ఐసీయూలో ఉండి బయటపడ్డారు. పెళ్లి బాగా జరిగింది.

తర్వాత ఆవిడను అడిగాను, 'ఒక్క మాట నాకు చెప్పొచ్చు కదమ్మా' అని. 'నేను చెబుతానంటే ఆయనే వద్దన్నారండీ, మీరు కేకలేస్తారని' అన్నారు.

ఆ మాట నన్ను వదల్లేదు. ఆయన మాత్ర గురించి అడిగిన రోజున నేను రెండు నిమిషాలు ఓపిక పట్టి ఉంటే, రెండోసారి కూడా అడిగేవారు. అడిగి ఉంటే, 'డైటు చేసినన్నాళ్లూ ఈ మాత్ర ఆపండి' అనేవాణ్ని. అంతే. ఐసీయూ దాకా పోయే పనే లేదు.

షుగరు మామూలుగానే ఉన్నా ప్రమాదం ఎలా?

డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి 'గ్లిఫ్లోజిన్' అని ముగిసే మాత్రలు షుగరును మూత్రంలోకి తోసేస్తాయి. గుండెకు, కిడ్నీకి మేలు చేసే మంచి మందులివి. 2020 చివర్లో డపాగ్లిఫ్లోజిన్ పేటెంటు ముగిశాక ధర బాగా తగ్గి, చిన్న ఊళ్లలో కూడా ఎక్కువమంది వాడుతున్నారు. కానీ వీటివల్ల ఒంట్లో ఇన్సులిన్ తగ్గి, కీటోన్లు తయారయ్యే వైపు మొగ్గు ఉంటుంది. దానికితోడు మీరు పిండి పదార్థం కూడా ఆపేస్తే కీటోన్లు అదుపు తప్పి రక్తం ఆమ్లంగా మారవచ్చు. దీన్నే కీటో అసిడోసిస్ అంటారు. షుగరు మూత్రంలో పోతుంది కాబట్టి మీటరులో అంకె 200 లోపే ఉండొచ్చు. అందుకే అందరూ మోసపోతారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015లోనే దీనిపై హెచ్చరిక ఇచ్చింది.

డైటు వల్ల వచ్చే కీటోసిస్ వేరు, ఈ కీటో అసిడోసిస్ వేరు. మొదటిది ఆరోగ్యవంతుడిలో హద్దులో ఉంటుంది. రెండోది ప్రాణం మీదకు తెస్తుంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మత్తు... ఈ మాత్ర వాడేవారిలో ఇవి కనిపిస్తే మీటరు అంకె చూసి ధైర్యపడకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, 'ఫలానా మాత్ర వాడుతున్నారు, అన్నం మానేశారు' అని చెప్పి కీటోన్ పరీక్ష చేయమనండి. డైటు చేయకపోయినా, రోజుల తరబడి ఉపవాసం చేసినా, ఆపరేషనుకు వెళుతున్నా ఈ మాత్ర సంగతి ముందే అడగాలి. అలాగని ఇది చదివి మాత్ర మీ అంతట మీరు ఆపేయొద్దు.

మిగతా మాత్రల సంగతి

గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్... ఇవి మీరు అన్నం తింటారన్న లెక్కతో రాసినవి. మీరు తినడం మానేసినా అవి తమ పని మానవు. షుగరు 70 కంటే కిందికి పడిపోయి చెమటలు, వణుకు, తికమక, స్పృహ తప్పడం దాకా పోవచ్చు. పొలంలో మందు కొడుతూనో, హైవే మీద బండి నడుపుతూనో పడిపోతే? కాబట్టి డైటు మొదలయ్యే రోజే వీటి డోసు తగ్గించాలి. ఎంత తగ్గించాలన్నది డాక్టరు చెప్పాలి. మొత్తంగా ఆపేసి ఊరుకోవడమూ తప్పే. ఇన్సులిన్ మీద ఆధారపడిన టైప్ 1 షుగరు వాళ్లు ఇన్సులిన్ ఆపితే ప్రాణాలకే ముప్పు.

బీపీ మాత్రలూ అంతే. మొదటి రెండు వారాల్లో ఉప్పు, నీరు ఎక్కువగా పోయి బీపీ తగ్గుతుంది. దానికి మూత్రం ఎక్కువ వచ్చే మాత్ర తోడైతే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. తలనొప్పి, కాళ్లు పట్టేయడం, నీరసం, మలబద్ధకం మామూలుగా కనిపించేవే.

నాలుగు లీటర్ల నీళ్లు అందరికీ మంచిది కాదు. గుండె బలహీనంగా ఉన్నవారికీ, కిడ్నీలు దెబ్బతిన్నవారికీ అంత నీరు ఊపిరితిత్తుల్లోకి చేరే ప్రమాదం ఉంది. మన జిల్లాలోనే ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను ఖాళీ చేసిందో మీకు తెలుసు. కిడ్నీ జబ్బు చాలాకాలం పైకి కనబడదు. క్రియాటినిన్ పరీక్ష చేయించుకోకుండా ఏ డైటూ మొదలుపెట్టకండి. కీటోలో కిడ్నీ రాళ్లు వచ్చే అవకాశం కూడా పెరుగుతుంది. త్వరగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్లు రావచ్చు.

కొవ్వు మాటకొస్తే, వంద గ్రాముల నూనె అంటే 900 కేలరీలు. కొబ్బరి నూనెలో పదింట తొమ్మిది వంతులకు దగ్గరగా సంతృప్త కొవ్వే. మనం వాడే వేరుశనగ నూనెలో అది ఐదో వంతుకు అటూ ఇటూ. కీటో చేసే కొందరిలో ట్రైగ్లిజరైడ్లు తగ్గుతాయి, అది మంచిదే. కానీ మరికొందరిలో చెడ్డ కొలెస్ట్రాల్ అయిన ఎల్‌డీఎల్ విపరీతంగా పెరుగుతుంది. ఎవరిలో పెరుగుతుందో ముందు చెప్పలేం. మొదలుపెట్టే ముందు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు, టైప్ 1 షుగరు వాళ్లు, కాలేయం, కిడ్నీ, పాంక్రియాస్ జబ్బులున్నవాళ్లు దీని జోలికి వెళ్లొద్దు. ఇందులో నాకు సందేహం లేదు.

మన కంచంలోకి అన్నం ఎప్పుడొచ్చింది?

మన మెట్టలో మూడు పూటలా తెల్లన్నం తాతల నాటి అలవాటేం కాదు. మీ అమ్మమ్మను అడగండి. జొన్న సంకటి, జొన్నన్నం, పండగకు వరి అన్నం. 1967లో నాగార్జున సాగర్ కాలువల్లోకి నీళ్లు వదిలారు. ఎడమ కాలువ నీళ్లు మన పొలాలకూ వచ్చాయి. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయల కిలో బియ్యం తెచ్చారు. ఆకలి తీరింది. అది చిన్న విషయం కాదు, దాన్ని తక్కువ చేయను. కానీ పొలం పని ట్రాక్టరుకు వెళ్లాక, మనం కొట్లలో, కుర్చీల్లో కూర్చున్నాక కూడా కంచంలో అన్నం కుప్ప మాత్రం తగ్గలేదు. పప్పు గరిటె మాత్రం చిన్నదైంది.

జొన్నకు వెళితే చాలా అంటే, అదీ పిండి పదార్థమే. అయితే బియ్యం కంటే పీచు మూడింతలు ఎక్కువ. ఎంత తింటున్నామన్నదే అసలు లెక్క.

భారతీయ వైద్య పరిశోధనా మండలి అధ్యయనాల ప్రకారం మన దేశంలో జనం తినే కేలరీల్లో 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తున్నాయి. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉందని 2023లో వాళ్లే లెక్క చెప్పారు. 18 వేల మంది ఆహారాన్ని పరిశీలించి 2022లో ప్రచురించిన పరిశోధనలో, పిండి పదార్థాన్ని 50 శాతం దాపుకు తగ్గించి, మాంసకృత్తులను 20 శాతం దాకా పెంచితే షుగరు వెనక్కి మళ్లే అవకాశం ఉందని అంచనా వేశారు. 62 నుంచి 50కి. కీటో చెప్పే 5, 10 శాతానికి కాదు.

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పిన కంచం కూడా ఇంచుమించు అదే. రోజు మొత్తానికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులూ గుడ్లూ మాంసం వగైరా 85, కూరగాయలు 400. ఇంట్లో ఎలా చేయాలంటారా? ముందు కూర, పప్పు కంచంలో సగానికి పైగా పెట్టుకోండి. మిగిలిన చోట అన్నం. ఇప్పుడు తింటున్నదాంట్లో మూడో వంతు తగ్గించండి. మారు వడ్డన అన్నానికి బదులు కూరకు అడగండి. రాత్రి పూట గుడ్డో, చేపో, శనగలో, పెసలో ఉండేలా చూడండి. ఇందులో వింతేమీ లేదు, అందుకే దీని గురించి ఎవరూ వీడియోలు చేయరు. కానీ పదేళ్లు చేయగలిగేది ఇదే.

మీకూ, మాకూ

ఇంత చెప్పినా కొందరు కీటోనే చేస్తారు. చేయండి. కానీ వారం ముందు మీ మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి. షుగరు, క్రియాటినిన్, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకోండి. 'ఫలానా రోజు మొదలుపెడుతున్నాను, ఇందులో ఏది ఆపాలి, ఏది తగ్గించాలి, ఎప్పుడు ఫోను చేయాలి?' అని అడిగి కాగితం మీద రాయించుకోండి. ఇంట్లో ఒకరికైనా ఆ కాగితం ఎక్కడుందో తెలియాలి. ఎన్నాళ్లు చేస్తారో, తర్వాత అన్నంలోకి ఎలా తిరిగొస్తారో కూడా ముందే అనుకోండి.

ఇక తోటి డాక్టర్లకు ఒక మాట. మన దగ్గర కూర్చున్న మనిషికి తిండి గురించి మనం ఎన్ని నిమిషాలు చెబుతున్నాం? 'తీపి తగ్గించండి, వాకింగ్ చేయండి' అని మాత్రలు రాసి గంట కొడుతున్నాం. మనం వదిలేసిన చోటులోకే ఇంకెవరో వచ్చి గంటసేపు ఓపిగ్గా మాట్లాడారు. జనం వాళ్ల మాట విన్నారంటే తప్పు జనానిది కాదు. డైటు చేస్తున్నానని రోగి చెప్పినప్పుడు కేకలేస్తే అతను మానేది డైటు కాదు, మనతో చెప్పడం.

ఆ ఎరువుల కొట్టు ఆయన ఇప్పటికీ వస్తారు. ఆరు కిలోలు తగ్గారు, ఈసారి అన్నం తగ్గించే. పోయిన నెల ఆయన బావమరిదిని వెంటబెట్టుకొచ్చారు. 'వీడు డైటు మొదలుపెడతానంటున్నాడండీ. మీతో చెప్పి చేయమని నేనే లాక్కొచ్చా' అన్నారు.

కూర్చోమన్నాను. మాత్రలు చూపించమన్నాను.